పాత పడవ రూపాన్ని ఫైబర్‌తో కడుతున్నారా? నీళ్లలోకి దించేముందు ఇవి చూస్కోండి

పాత చెక్క పడవ కొలతలు తీస్కుని అదే రూపంలో ప్లైవుడ్, ఫైబర్‌తో కట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, మంచి పనే, అంత లావు చెట్లు ఇప్పుడెక్కడ దొరుకుతాయి. కాకపోతే చెక్క అడక్కుండానే చేసిపెట్టే పని ఒకటుంది, తేలడం. దుంగ దోనెలోకి నిండా నీళ్లొచ్చినా అది మామూలుగా అడుక్కి పోదు, ఒట్టి ఫైబర్ డొప్ప మాత్రం రాయిలా దిగిపోతుంది. అందుకే రెండు కొసల్లో నీళ్లు పీల్చని ఫోమ్ నింపి గట్టిగా మూసెయ్యండి, లీటర్ ఫోమ్ ఇంచుమించు ఒక కిలో బరువుని మోస్తుంది, పడవకే కాదు దాన్ని పట్టుకుని వేలాడే మనుషులకీ లెక్కేస్కోండి.

హవాయిలో హోకులేయా అనే పడవ ఉంది కదా, పసిఫిక్ దీవుల పాలినీషియన్ల పాత జంట పడవ (పక్కపక్కనే రెండు పడవలు కలిపి కట్టేది) రూపంలో ప్లైవుడ్, ఫైబర్‌తో కట్టి 1975లో దించారు, 1976లో తహితి దాకా వెళ్లింది. అదే పడవ 1978 మార్చిలో బాగా బరువుతో బయల్దేరి, ఒక పక్క పడవలోకి నీళ్లు చేరి, రాత్రిపూట బోల్తా పడింది. సాయం తెస్తానని సర్ఫ్‌బోర్డు మీద వెళ్లిన, ఆ పడవలోనే ఉన్న ఎడ్డీ ఐకావ్ మళ్లీ కనపడలేదు, తిరగబడ్డ పడవని పట్టుకుని ఉన్నవాళ్లు బతికారు. ఆ తర్వాతి దూర ప్రయాణాలకి వెనకాలే తోడు పడవ వెళ్లింది. ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా నాకు నీళ్లు లోపలికి రాకుండా పడవ మూతల దగ్గర పెట్టే రబ్బరు ఇంకోసారి తడిమి చూడాలనిపిస్తుంది.

జంట పడవల్ని కలిపే అడ్డదూలాలు పాతకాలంలో కొబ్బరి పీచు తాడుతో కట్టేవాళ్లు, అల కొట్టినప్పుడు ఆ కట్టు కాస్త సాగి దెబ్బ పంచుకునేది. బలంగా ఉంటుందని బోల్టులు బిగిస్తే ఆ దెబ్బంతా బోల్టు కన్నం దగ్గరే పడి ఫైబర్ చీలుతుంది. నైలాన్ తాడైనా పర్లేదు, కట్టండి.

ఇక రెజిన్, అంటే ఫైబర్‌ని తడిపి గట్టిపరిచే జిగురు, ఇందులో పాలిస్టర్, ఎపాక్సీ అని రెండు రకాలు. పాలిస్టర్‌కి అలవాటు పడ్డ చెయ్యి ఎపాక్సీలో కూడా తొందరగా గట్టిపడాలని హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) రెండు చుక్కలు ఎక్కువ వేస్తుంది, అది తప్పు, కొలత మారితే జన్మలో సరిగ్గా గట్టిపడదు. నేనొకసారి లీటర్ దాకా ఒకే మగ్గులో కలిపి పక్కన పెట్టా, పది నిమిషాల్లో మగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, పసుపు పచ్చగా మారి, పొగలొచ్చి అడుగు మెత్తబడిపోయింది, అప్పట్నుంచి కొంచెం కొంచెంగానే కలిపి వెడల్పు పళ్లెంలో పోస్తున్నా. పాలిస్టర్‌లో అయితే కోబాల్ట్‌నీ (గట్టిపడటం తొందర చేసేది) ఎంఈకేపీనీ (గట్టిపడటం మొదలుపెట్టేది) ఎప్పుడూ నేరుగా కలపొద్దు, పేలుతుంది, కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది. ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లజోడు లేకుండా డబ్బా మూత తియ్యకండి. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ వచ్చి ఇంక ఆ పనే చెయ్యలేని స్థితి వస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి. సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) దుమ్ముకి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, మంచి మాస్కు కావాలి.

ఫైబర్ పడవ తేలిక కాబట్టి నీళ్లమీద ఎత్తుగా కూర్చుని ఊగుతుంది, ఇసుక మూటలు వేస్తే కదలకుండా కట్టండి, ఆ బరువుకీ ఫోమ్ పెంచండి. చివరికి, వానాకాలం రాకముందే, నడుము లోతు నీళ్లలో ఇద్దరు తోడుండగా కావాలనే అంచుదాకా ముంచి చూడండి. రెండు కొసలూ సమానంగా పైకి కనపడాలి, ఇద్దరు అంచు పట్టుకున్నా మునక్కూడదు. ఒక కొస దిగితే ఆ వైపు ఫోమ్ పెంచి మళ్లీ ముంచండి, అప్పటిదాకా లోతు నీళ్ల వైపు తీస్కెళ్లకండి.