దేశం గుర్తు ఒంటిమీద వేయించుకునే ముందు

జెండానో, దేశం పేరునో పచ్చబొట్టుగా వేయించుకోవాలని ఉందా? మంచి కోరికే, కానీ పండగ రోజు ఊపులో పరుగెత్తకండి, నెల ఆగాక కూడా అలాగే అనిపిస్తే వెళ్లండి.

– రంగుల వరుస, గీతల లెక్క, అక్షరాలు కాగితం మీద ఉండగానే అధికారిక నమూనాతో సరిచూసుకోండి.

– ఒకప్పుడు చేత్తోనే గుచ్చేవారు. 1891లో శామ్యూల్ ఓరైలీ న్యూయార్క్‌లో కరెంటు మిషన్‌కు పేటెంట్ తీసుకున్నాక పని వేగం పెరిగింది గానీ, ఒకే సూది, ఒకే రంగు గిన్నె పదిమందికీ వాడే అలవాటు మాత్రం చాలాకాలం పోలేదు, హెపటైటిస్ బి, సి అంటుకునేది ఇలాగే. అందుకే కొత్త సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పాలి, రంగు మీకోసం విడిగా చిన్న కప్పులో పోయాలి, గ్లవ్స్ కొత్తవి ఉండాలి. మొహమాటం వద్దు, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

– ఎరుపు రంగుతో అలర్జీలు ఎక్కువ, చాలా జెండాల్లో ఉండేదీ అదే. ముందు చిన్న చుక్క వేయించి కొన్ని వారాలు చూడండి.

– షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గాయం మానాక మచ్చ ఉబ్బేవాళ్లు డాక్టర్‌ని అడగాల్సిందే.

– ముందురోజు మద్యం వద్దు.

– సైన్యంలో చేరాలనుకుంటే పచ్చబొట్ల నిబంధనలు ముందే చదవండి, దేశం మీద ప్రేమతో వేయించుకున్నదే అడ్డు పడితే ఆ బాధ మామూలుది కాదు.