తీరం నుంచి తెచ్చిన కాలనీ జీవులు అనంతపురం ల్యాబులో గుర్తింపుకు అందకపోతే: సమస్య – పరిష్కారం

అనంతపురంలో జంతుశాస్త్రం చదివే విద్యార్థికి సముద్రం ఏడాదికి ఒక్కసారి, అదీ రెండు రోజుల క్షేత్రపర్యటనలో మాత్రమే దక్కుతుంది. విశాఖ, భీమిలి రాళ్ల మీదనో, నెల్లూరు తీరంలో ఒడ్డుకు లాగిన పడవల అడుగునో గోరంత మేర పరచుకున్న కాలనీలను (ఒకదానికొకటి అతుక్కొని గుంపుగా బతికే చిన్న జీవులను) గీకి సీసాల్లో నింపుకొని వస్తాము. ఇక్కడికి వచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాక సందేహం వస్తే మళ్లీ వెళ్లి చూసి రావడానికి సముద్రం పక్క వీధిలో లేదు. ల్యాబులో తేలని గుర్తింపులకు కారణం చాలావరకు ఒడ్డున సేకరించిన తీరులోనూ సీసాలో పోసిన ద్రవంలోనూ ఉంటుందని ఇన్నేళ్లలో నాకు అర్థమైంది. అందుకే కింది ప్రతి చిక్కునూ ల్యాబులో కంటికి కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, వెనక్కి నడిచి కారణాన్ని వెతుకుతున్నాను.

సమస్య: సీసాలన్నిటి మీదా "నాచు" అనే రాసి ఉంది

పొదలా ఉన్నదాన్ని మొక్క అనీ, పొరలా ఉన్నదాన్ని సున్నపు మరక అనీ అనుకోవడం దీనికి కారణం. ఆకారం ఈ జీవుల విషయంలో నమ్మదగిన సాక్షి కాదు. ఒకే రకపు పొద హైడ్రాయిడ్లలోనూ (జెల్లీచేపల బంధువులు) బ్రయోజోవాలోనూ (చిన్న చిన్న గదుల్లో గుంపుగా బతికే నీటి జంతువులు) ఎర్ర శైవలాల్లోనూ (ఎర్ర నాచులు) కనిపిస్తుంది. ముందుగా స్టీరియో మైక్రోస్కోపులో 20 నుంచి 40 రెట్ల పెద్దదిగా చూసి, ఒకే కొలతలో మళ్లీ మళ్లీ వచ్చే గదులు ఉన్నాయో లేదో వెతకాలి. బ్రయోజోవాలో ఒక్కో గది, అంటే ఒక్కో జూయిడ్, సాధారణంగా అర మిల్లీమీటరు ఉంటుంది కనుక మామూలు భూతద్దంలో చుక్కల వరుసగా మాత్రమే తోస్తుంది.

తరువాత ఒక మూల ముక్కను వేరు చేసి దానిపై పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేయాలి. బుడగలు వస్తే అందులో సున్నపు పదార్థం ఉన్నట్టు. అయితే సున్నం ఉన్నదల్లా బ్రయోజోవా కాదు. గులాబీ రంగు కోరలైన్ శైవలం కూడా అంతే జోరుగా పొంగుతుంది. ఆ శైవలం మీద ఉండే సన్నని రంధ్రాలను జూయిడ్ల నోళ్లుగా పొరబడడం ఏటా జరుగుతుంది. ఆ రంధ్రాలు చెదురుమదురుగా ఉంటాయి, వాటి చుట్టూ గది గోడలు ఉండవు. నోటికి ఒక గది, గదికి ఒక సరిహద్దు కనిపించినప్పుడే బ్రయోజోవా వైపు అడుగు వేయాలి.

ఇక్కడ మా ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి. కడప జిల్లా వేంపల్లె శిలల్లో పొరలు పొరలుగా ఉబ్బిన గుండ్రని ఆకృతులను చూసి, ఇవి ప్రాచీన కాలనీ జీవుల శిలాజాలు కావా అని అడిగే విద్యార్థులు ఉంటారు. అవి స్ట్రొమాటోలైట్లు, సయనోబాక్టీరియా వంటి సూక్ష్మజీవుల పొరలు కట్టినవి, 150 కోట్ల ఏళ్లకు పైబడినవి. బ్రయోజోవా స్పష్టమైన శిలాజాలు సుమారు 48 కోట్ల ఏళ్లనాటి ఆర్డోవీసియన్ శిలల నుంచి దొరుకుతాయి. స్ట్రొమాటోలైటులో పొర ఉంటుంది గాని గది ఉండదు.

సమస్య: పొద లాంటి ముక్క హైడ్రాయిడా, బ్రయోజోవానా తేలడం లేదు

ప్రాణంతో చూడకుండానే భద్రపరచడం వల్ల ఈ సందేహం వస్తుంది. బతికి ఉండగా అయితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. బ్రయోజోవా స్పర్శకాలు గరాటులా విచ్చుకొని, వాటి మీది శైలికల (సన్నని నూగు) కదలికతో నీటిని లోపలికి లాగుతాయి. సూదితో తాకగానే మొత్తం గరాటు రెప్పపాటులో గదిలోకి దూరిపోతుంది. హైడ్రాయిడ్ స్పర్శకాలు ఒక్కొక్కటిగా, నింపాదిగా వంగుతాయి. ఈ రెండింటికీ భిన్నంగా, కాడ మీద నిలబడి తలాడిస్తూ, తాకితే స్పర్శకాలను లోపలికి ముడుచుకునేవి ఎంటోప్రోక్టులు అనే మరో వర్గపు చిన్న జంతువులు. వీటిలో పాయువు స్పర్శకాల వలయం లోపలే తెరుచుకుంటుంది, బ్రయోజోవాలో వలయం వెలుపల. ఈ భేదాన్ని బట్టే 1869లో జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు నిట్షే ఆ రెండు వర్గాలను విడదీశాడు.

చచ్చిన నమూనా మాత్రమే చేతిలో ఉంటే చిన్న కొమ్మను స్లైడు మీద నలిపి 400 రెట్లలో చూడాలి. దంశకణాలు (కుట్టే కణాలు) దొరికితే అది హైడ్రాయిడే. పాఠ్యపుస్తకంలో అందరం బొమ్మ గీసిన ఒబీలియా అనే హైడ్రాయిడ్‌లో కాడ మీద ఉంగరాల్లాంటి నొక్కులు, వాటి పైన గిన్నె లాంటి తొడుగు ఉంటాయి. పడవల అడుగున పెరిగే ఊదా గోధుమరంగు బ్యుగులా నెరిటినా అనే బ్రయోజోవాలో గదులు రెండు వరుసలుగా, ఒకే వైపుకు ముఖం పెట్టి ఉంటాయి. పిండాలు పెరిగే తెల్లని గుండ్రటి గదులు ముత్యాల్లా మెరుస్తుంటాయి.

సమస్య: మూడు నెలల తరువాత సీసా తెరిస్తే తెల్లని పొర మెత్తబడి, గదుల గోడలు మాయమయ్యాయి

దీన్ని నేను స్వయంగా అనుభవించాను. ఒక ఏడాది తెచ్చిన మంచి నమూనాలన్నిటినీ మామూలు ఫార్మలిన్‌లో వేసి, పరీక్షల హడావిడిలో అలమారాలో పెట్టి మరిచిపోయాను. వేసవి సెలవుల తరువాత తీసి చూస్తే గుంట గాజుపలకలో జిగురు ముద్ద తప్ప మరేమీ మిగలలేదు. ఫార్మలిన్ నిల్వ ఉన్నకొద్దీ అందులో ఫార్మిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ఆ ఆమ్లం సున్నపు గోడలను నిదానంగా కరిగిస్తుంది. వర్గీకరణ అంతా ఆ గోడల మీది ముళ్లు, రంధ్రాలు, మూతల మీదే ఆధారపడి ఉన్నందున, గోడ పోయిందంటే జీవి చిరునామా పోయినట్టే.

సున్నం ఉన్న కాలనీలను 70 శాతం ఆల్కహాల్‌లో ఉంచాలి. 95 శాతం ఆల్కహాల్ 70 మిల్లీలీటర్లు కొలిచి, 95 మిల్లీలీటర్ల గీత వరకు శుద్ధజలం కలిపితే ఇది తయారవుతుంది. ఫార్మలిన్ తప్పనిసరి అయితే బోరాక్స్ కలిపి ఆమ్లగుణాన్ని తగ్గించి వాడాలి, కొద్ది రోజుల్లోనే నమూనాను ఆల్కహాల్‌కు మార్చాలి. డీఎన్ఏ పరీక్ష ఉద్దేశం ఉంటే ఫార్మలిన్ జోలికే పోకుండా ఒక ముక్కను విడిగా 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. గట్టి పొరలను శుద్ధజలంతో కడిగి నీడలో ఆరబెట్టినా సరిపోతుంది. ఒకసారి కరిగిపోయిన గోడను తిరిగి తెచ్చే ఉపాయం లేదు కాబట్టి ఆ సీసా మీద ఊహించిన పేరు రాయవద్దు.

సమస్య: స్పర్శకాలన్నీ లోపలికి ముడుచుకొని ఉన్నాయి

జీవిని నేరుగా ఆల్కహాల్‌లో ముంచడమే కారణం. ముందు మత్తు ఇవ్వాలి. లీటరు మంచినీటిలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ కరిగించి, అంతే పరిమాణం సముద్రపు నీటిలో కలిపి, అందులో కాలనీని కదపకుండా ఉంచాలి. నీటిపై మెంథాల్ పలుకులు చల్లి మూత పెట్టినా పని జరుగుతుంది, కాకపోతే గంటకు పైగా ఓపిక పట్టాలి. సూదితో తాకినా స్పర్శకాలు ముడుచుకోనప్పుడు మాత్రమే భద్రపరచే ద్రవం పోయాలి. ఈ పనిని తీరంలోనే ముగించుకోవడం మేలు. ప్రాణంతో అనంతపురం దాకా తేవాలనుకుంటే ఆ ఎండకు బస్సులోనే సగం కుళ్లిపోతాయి.

సమస్య: గదుల మీద తెల్లని పలుకులు పేరుకొని నోళ్లు కనిపించడం లేదు

మన బోరునీటి కాఠిన్యం సంగతి మన కెటిల్ అడుగును చూసినా తెలుస్తుంది. ఆ నీటితో కడిగి ఆరబెట్టినా, సముద్రపు ఉప్పు పూర్తిగా వదలకపోయినా ఈ పలుకులు మిగులుతాయి. వీటిని స్పాంజి కంటకాలుగా (స్పాంజి శరీరంలోని సన్నని ముళ్లు) గీసి చూపిన రికార్డు పుస్తకాలను నేను దిద్దాను. ఒక పూట శుద్ధజలంలో నానబెట్టి, నీరు రెండుసార్లు మార్చితే ఉప్పు కరుగుతుంది. బోరునీటి సున్నపు మరక మాత్రం నీటికి పోదు. దాన్ని ఆమ్లంతో పోగొట్టబోతే జీవి గోడ కూడా పోతుంది. కాబట్టి మొదటి నుంచీ కడగడానికి శుద్ధజలమే వాడాలి.

మాంసపు పొర అడ్డు వస్తుంటే కాలనీలో సగం ముక్కను బట్టలకు వాడే బ్లీచ్‌లో కొన్ని గంటలు ఉంచితే గోడ నికరంగా తేలుతుంది. మిగతా సగాన్ని ఆల్కహాల్‌లోనే ఉంచాలి, ఎందుకంటే మూతలూ కొన్ని సున్నితమైన భాగాలూ బ్లీచ్‌లో ఊడిపోతాయి. సున్నం లేని మెత్తని కాలనీలకు బ్లీచ్ వాడితే పూర్తిగా కరిగిపోతాయి. బ్లీచ్ ఉన్న బల్ల మీద ఆమ్లం సీసా ఉండకూడదు. రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

సమస్య: బ్రయోజోవా అని తేలింది గాని క్రమం (వర్గీకరణలో ఆర్డర్) తెలియడం లేదు

పెట్టెలాంటి గది, దానికి తెరుచుకునే మూత ఉంటే కైలోస్టోమ్. మూతలేని గుండ్రని నోటితో సున్నపు గొట్టాలు ఉంటే సైక్లోస్టోమ్. సున్నమే లేకుండా మెత్తగా, గాజులా ఉంటే క్టీనోస్టోమ్. కాలనీ అంచున గదులు లేతవి, గోడ పూర్తిగా గట్టిపడనివి. నడిమి భాగంలోని ముసలి గదుల మీద సున్నం మళ్లీ పేరుకొని గుర్తులు మూసుకుపోతాయి. రెండింటికీ మధ్యనున్న గదులనే చూడాలి. పక్షి ముక్కులా ఉండే అవిక్యులేరియా లేనంత మాత్రాన తొందరపడి ఏ క్రమాన్నీ కొట్టివేయరాదు. బ్యుగులా నెరిటినాలో కూడా అది ఉండదు.

సమస్య: జిగురు పొర స్పాంజా, అసిడియనా?

ఒకే ద్వారం చుట్టూ నక్షత్రంలా అమరిన జూయిడ్లు కనిపిస్తే బోట్రిల్లస్ వంటి అసిడియన్ (ఒకచోట అంటుకొని నీటిని వడగట్టే సంచిలాంటి సముద్ర జంతువు). తెల్లగా గట్టిగా ఉంటే కొద్ది ముక్కను బ్లీచ్‌లో కరిగించి అడుగున మిగిలిన కంటకాలను చూడాలి: నక్షత్రపు బంతుల్లా ఉండి ఆమ్లంలో కరిగితే డైడెమ్నిడ్ అసిడియన్, సూదుల్లా ఉండి ఆమ్లానికి లొంగకపోతే సిలికా స్పాంజి.

సమస్య: పుస్తకంలోని ఏ పేరూ సరిపోవడం లేదు

చేతిలో ఉన్న గుర్తింపు పట్టిక యూరప్ తీరాలది అయితే, అందులో మన జాతి ఉండకపోవచ్చు. ఉన్నా పేరు మారి ఉండవచ్చు. ఉదాహరణకు పాత పుస్తకాల్లోని జూబోట్రియాన్ ఇప్పుడు అమేథియా ప్రజాతిలో (జీనస్) చేరింది. ప్రపంచ సముద్ర జాతుల రిజిస్టరులో ప్రస్తుత నామం సరిచూడాలి. బ్యుగులా నెరిటినా అనే పేరు కింద ఆకారంలో తేడా తెలియని వేర్వేరు జాతులు ఉన్నట్టు డీఎన్ఏ పరీక్షల్లో బయటపడింది కాబట్టి, మైక్రోస్కోపుతో మాత్రమే చూసినవారు "నెరిటినా సముదాయం" అని రాయడం న్యాయం. ఆధారం ప్రజాతి దగ్గర ఆగితే పేరు కూడా అక్కడే ఆగాలి.

లేబుల్ లేకపోతే ఇదంతా వృథా. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది కనుక మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో తేదీ, చోటు, ఆటు వేళ నీటి అంచు నుంచి దూరం, రాయా గుల్లా పడవా అన్న ఆధారం రాసి, సీసాకు అంటించకుండా లోపలే వేయాలి.