ఎలక్ట్రానిక్ స్టీరింగ్ ఉన్న స్పీడ్‌బోటు తీసే ముందు

ఈ బోట్లలో చక్రం నుంచి ఇంజిన్‌కు సిగ్నల్ మాత్రమే వెళ్తుంది, వెనకున్న ఇంజిన్‌ను కుడికీ ఎడమకీ తిప్పేది ఒక మోటారు. కరెంటు పోతే స్టీరింగ్ పోయినట్టే. కాబట్టి ముందు బ్యాటరీ.

• ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఫుల్ చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ 12.6కు తగ్గకూడదు. టెర్మినళ్లు బిగుతుగా ఉన్నాయా, పచ్చగా తుప్పు పట్టాయా చూడండి. ఉప్పునీళ్లలో తిరిగే బోటుకైతే ఇది ప్రతిసారీ చేయాల్సిందే.

• బోటు కట్టి ఉండగానే చక్రాన్ని రెండు చివర్లకూ తిప్పండి. ఇంజిన్ వెంటనే కదలాలి. వెనక ఒకరు నిలబడి చూస్తే ఇంకా మంచిది.

• స్క్రీన్ మీద హెచ్చరిక వస్తే బయల్దేరొద్దు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోయినా సరే, కారణం తెలియాలి.

• లైఫ్ జాకెట్.

• కిల్ స్విచ్ తాడు (నడిపేవాళ్లు పడిపోతే లాగి ఇంజిన్‌ను ఆపేది) ఒంటికి తగిలించుకోండి. అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లను వేగంగా నడిపేటప్పుడు 2021 ఏప్రిల్ నుంచి ఇది చట్టం కూడా.