సాలీడుతో పాఠం – 3: గూటిని మీటితే ఏమవుతుంది?

కిందటి రెండు పాఠాల్లో సీసాలో గోడ సాలీడును ఉంచి కాళ్లు, కళ్లు లెక్కపెట్టించాం. ఈసారి సీసా వద్దు. చక్రంలా గూడు అల్లే సాలీడును ఇరుకు సీసాలో పెడితే అల్లడానికి చోటు చాలదు, మూలన ముడుచుకుని కూర్చుంటుంది. క్లాసునే గూటి దగ్గరికి తీసుకెళ్లండి.

వానలు పడ్డాక బడి ప్రహరీ పక్క పొదల్లో వెతకండి. గూటి నడుమ తెల్లటి దారంతో మెలికలు మెలికలుగా ఇంటూ గుర్తు, దాని మీద కాళ్లు రెండేసి జతచేసి తలకిందులుగా కూర్చున్న సాలీడు కనిపిస్తే అదే మనకు కావాలి. ఇంగ్లిష్‌లో సిగ్నేచర్ స్పైడర్, శాస్త్రనామం ఆర్జియోపీ. గూటి అంచున ఇంకో బుల్లి సాలీడు ఉంటే పిల్లలు ‘దాని పిల్ల’ అంటారు. వెంటనే దిద్దకండి, భూతద్దం ఇవ్వండి. నోటి పక్కనున్న పొట్టి కాళ్ల కొసలు ఉబ్బి కనిపిస్తే అది మగది. ఈ జాతిలో మగది ఆడదానికంటే బాగా చిన్నది.

ఒక్కోసారి ఐదారుగురినే పంపండి. గూటికి మూరెడు దూరంలో నిలబడాలి, నీడ గానీ ఊపిరి గానీ తగలకూడదు. సాలీడును చేత్తో పట్టుకోనివ్వద్దు, నలిగితే కరుస్తుంది.

ఇప్పుడు సైన్స్ గదిలోని 256 హెర్ట్జ్ శ్రుతిదండం (కొడితే అదురుతూ మోగే ట్యూనింగ్ ఫోర్క్) తీసుకోండి. ముందు మోగించకుండా దాని కొసను గూటి అంచు దారానికి తాకించండి. సాలీడు ఏం చేసిందో పిల్లలు రాసుకోవాలి. రెండు నిమిషాలు ఆగి, రబ్బరు దిమ్మె మీద మెల్లగా కొట్టి, అదే చోట తాకించండి. సాలీడు గిర్రున అటు తిరుగుతుంది. ముందుకాళ్లతో దారాలు లాగి చూసి, చాలాసార్లు దండం దాకా పరుగెడుతుంది. చిక్కిన ఈగ రెక్కల అదురూ దానికి ఇలాగే తెలుస్తుంది. 1880లో బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త సి.వి. బాయ్స్ తోట సాలీడుతో చేసిన ప్రయోగం ఇదే. మోగించని దండంతో మొదలుపెట్టే మెట్టును మాత్రం వదలొద్దు. అది లేకపోతే సాలీడు కదిలింది అదురుకా, ఊరికే తాకినందుకా అన్నది తేలదు.

సాలీడు రాకుండా గూటినే ఊయలలా ఊపితే బెదిరిందని అర్థం. దండం గట్టిగా తగిలి ఉంటుంది. కింద పడిపోతే పదిహేను నిమిషాలు వదిలేయండి, దారం పట్టుకుని పైకి వస్తుంది. అసలు కదలకపోతే దండం మోత ముందే ఆగిపోయి ఉండొచ్చు. నాలుగైదుసార్లు వరసగా చేస్తే మాత్రం పట్టించుకోవడం మానేస్తుంది. ఒక గూటికి మూడుసార్లు చాలు, తర్వాతి గుంపుకు వేరే గూడు చూడండి.

గూటి అంచున ఎండు గడ్డిపుల్లతో సైకిల్ పుల్లల్లాంటి దారాన్ని ఒకసారి, చుట్లు తిరిగిన దారాన్ని ఒకసారి తాకించండి. రెండోదే పుల్లకు అంటుకుని సాగుతుంది. గూడు సరిగా కనిపించకపోతే ఇస్త్రీకి నీళ్లు చల్లే స్ప్రే సీసాతో రెండడుగుల దూరం నుంచి ఒక్కసారి చల్లండి. దగ్గరగా చల్లితే నీటి బరువుకు దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఆ తెల్లటి ఇంటూ గుర్తు ఎందుకని పిల్లలు తప్పక అడుగుతారు. పక్షులకు హెచ్చరిక అని కొందరు శాస్త్రజ్ఞులు, పురుగులకు ఎర అని కొందరు అంటారు. వాళ్లకే ఇంకా ఏకాభిప్రాయం లేదు. పిల్లల జవాబులన్నీ బోర్డు మీద రాయండి, ఏదీ తుడవొద్దు.

వచ్చే పాఠానికి పని: వారం పాటు రోజూ మొదటి గంటకు ముందు ఇద్దరు పిల్లలు అదే గూడు చూసి, చిరుగులు ఎక్కడున్నాయో, గూడు కొత్తగా అల్లిందో లేదో బొమ్మ గీసి తేవాలి.