పాత ల్యాప్‌టాప్‌ను పారేసే ముందు

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయిందని, బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి వదినగారు తన ల్యాప్‌టాప్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయబోయారు. ఆపి, విండోస్‌కు బదులుగా వాడుకోగల, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి ఇచ్చాను.

దించుకున్న ఐఎస్ఓ ఫైలును (మింట్ మొత్తం ఒకే మూటగా ఉండే ఫైలు) పాటను కాపీ చేసినట్లు పెన్‌డ్రైవ్‌లో పడేస్తే పని జరగదు. ఇందుకోసమే ఉన్న రూఫస్‌ లేదా ఎచర్ అనే సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, కానీ అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. (మా మరదలి పెళ్లి ఫొటోలు అలాగే పోయాయి. ఇప్పటికీ దెప్పుతుంది.)

ఆ పెన్‌డ్రైవ్ పెట్టి, పవర్ మీట నొక్కగానే డెల్, లెనోవోలలో చాలావరకు ఎఫ్12తో, హెచ్‌పీలో ఎఫ్9తో బూట్ మెనూ (కంప్యూటర్ దేనినుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) వస్తుంది. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే మింట్ నేరుగా దానినుంచే తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ గుర్తు ఎదురుగా ఊరిస్తుంది, తొందరపడకండి. ముందు వైఫై, శబ్దం, కెమెరా పరీక్షించండి. మూత మూసి తెరిచి, మళ్లీ మేలుకుంటుందో లేదో చూడండి. ఇన్‌స్టాల్ మొదలుపెట్టేదాకా హార్డ్‌డిస్క్ జోలికి మింట్ పోదు. వైఫై దొరకకపోతే ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను ఇంటర్నెట్‌ను కేబుల్ మీదుగా ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం) పెట్టండి. వదినగారి యంత్రానికి అదే దిక్కయింది. వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) దిగాక వైఫై దానంతటదే వచ్చింది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే డిస్క్ చెరిపే ఎంపిక నొక్కేముందు మాత్రం ఫొటోలు, కాగితాలు వేరే చోట దాచుకోండి.