చెన్నై తీరంలో ఒక పగలు, ఒక రాత్రి గడపడం ఎలా?

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో చుట్టాలు వస్తే, చెన్నైలో ఉండే మన తెలుగు కుటుంబాలు సాధారణంగా మధ్యాహ్నం ఒక కునుకు తీసి, సాయంత్రం మెరీనాకు వెళ్లి, ఆ జనంలో గంటసేపు తిరిగి, బఠాణీ సుండల్ తిని ఇంటికి వచ్చేస్తారు. వచ్చినవాళ్లకు ఇంతకంటే మంచి రోజును చూపించవచ్చు. ఈ తీరంలో సూర్యుడు సముద్రం మీదే ఉదయిస్తాడు, మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలవుతుంది, తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కుతాయి. అందుచేత నీటిలో చేసేవి ఉదయానికి, నీడపట్టున చూసేవి మధ్యాహ్నానికి, ఇసుకలో నడక రాత్రికి పెట్టుకోవాలి.

ముందుగా నెలను, వారాన్ని నిర్ణయించుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు ఉంటాయి కనుక ఆ నెలలు వద్దు. జనవరి నుంచి మార్చి వరకు ఎండ భరించదగినట్టు ఉంటుంది, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా అదే. వారాల్లో శనివారం అనుకూలం, ఎందుకంటే మొసళ్ల పార్కుకు సోమవారం, దక్షిణాది పాతకాలపు ఇళ్లను, చేతిపనులను చూపే దక్షిణచిత్రకు మంగళవారం సెలవు. తాబేళ్లను వెతుకుతూ ఇసుకలో సాగే నడకలకు ప్రజలను సాధారణంగా వారాంతపు రాత్రుల్లో తీసుకువెళ్తారు.

తెల్లవారకముందే తిరువాన్మియూరు దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కండి. నీటిలో దిగాలనుకునేవారికి నా సలహా కోవళం. కేరళలోని కోవళం వేరు, ఇది చెన్నైకి దక్షిణాన ఉన్న జాలరి గ్రామం. ఇక్కడి బీచికి 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అది శుభ్రత, భద్రత చూసి బీచిలకు ఇచ్చేది. సర్ఫింగ్, అంటే పలక మీద నిలబడి అలలపై జారడం, నేర్పేవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. మొదటిసారి నేర్చుకునేవారు పొద్దున్నే వెళ్లడం మేలు, గాలి పెరిగేకొద్దీ నీళ్లు చిందరవందరగా లేచి, పలక మీద నిలబడడం కష్టమవుతుంది.

సముద్రంలో దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి, ఊరికే చూడండి. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట. అలలు వరుసగా తెల్లగా విరుగుతున్నప్పుడు మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా, నీరు ప్రశాంతంగా, కాస్త మట్టిరంగులో కనబడి, నురగ సముద్రం లోపలి వైపుకు పోతూ ఉంటే, ఒడ్డుకు వచ్చిన నీరంతా అక్కడినుంచే వెనక్కి లాగేస్తోందని అర్థం. కొత్తవాళ్లు ఆ ప్రశాంతతను చూసి, అదే మంచి చోటనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. కొన్నేళ్ల క్రితం మా పిన్ని కొడుకు, పన్నెండేళ్లవాడు, మోకాటిలోతు నీటిలో సముద్రానికి వీపు పెట్టి ఫోటోకు నిలబడ్డాడు. ఒక అల వచ్చి వెనక్కి పోతూ వాడి పాదాల కింద ఇసుకను తోడేసింది. పడిపోయినవాణ్ణి పక్కనే వల సర్దుకుంటున్న ఒక జాలరి జబ్బ పట్టుకుని లేపాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ సముద్రానికి వీపు పెట్టరు.

ఒకవేళ ప్రవాహం లోపలికి లాగితే, ఒడ్డు వైపుకు ఎదురీదకండి, బలమంతా అక్కడే అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగడం తగ్గాక అలలతోపాటు బయటికి రావాలి. ఈత రానివారు నడుములోతుకు మించి వెళ్లకూడదు. చీరతో గానీ పంచెతో గానీ దిగకూడదు, తడిసిన గుడ్డ కాళ్లకు చుట్టుకుంటుంది. మెరీనాలో స్నానానికి పోలీసుల నిషేధం ఉన్నది ఈ కారణాల వల్లనే.

నీటిపని తొమ్మిదిన్నరకల్లా ముగించండి. అలలంటే భయపడే పెద్దవాళ్లను అదే దారిలో ఉన్న ముట్టుకాడు ఉప్పుటేటిలో పడవ ఎక్కించవచ్చు. లైఫ్ జాకెట్టు భుజాన వేసుకుంటే చాలదు, పట్టీలన్నీ బిగించాలి. పిల్లలకు వాళ్ల కొలతది అడిగి తీసుకోవాలి.

ఎండ ముదిరాక మొసళ్ల పార్కుకో దక్షిణచిత్రకో వెళ్లండి. రెండిటిలో ఒకటి చాలు. మొసళ్ల పార్కును పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 1976లో స్థాపించారు, చెట్ల నీడ బాగా ఉంటుంది. మూడున్నర తరువాత మహాబలిపురం చేరితే, పల్లవుల కాలపు తీర దేవాలయం రాళ్ల మీద ఉప్పుగాలి చేసిన గరుకును సాయంకాలపు ఏటవాలు వెలుతురులో స్పష్టంగా చూడగలుగుతారు. దానికి కొంచెం ఉత్తరాన సాలువన్‌కుప్పంలో, 2004 సునామీ తరువాత బయటపడిన ఇటుకల సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. చాలామంది పక్కనున్న పులి గుహను చూసి తిరిగిపోతారు గానీ, ఆ గుడి దగ్గర కూడా పావుగంట ఆగడం న్యాయం.

చెన్నైకి తిరిగివచ్చి, రాత్రి భోజనం తేలికగా చేసి, రెండు గంటలైనా నిద్రపోండి. తాబేళ్ల నడకను 1988 నుంచి విద్యార్థుల స్వచ్ఛంద బృందం ఒకటి నడుపుతోంది. దాని పేరు స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్. నీలాంకరై నుంచి బెసంట్ నగర్ వరకు సుమారు 7 కిలోమీటర్లు ఇసుకలో నడవాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారిని, పసిపిల్లలను తీసుకెళ్లకండి. ముదురు రంగు బట్టలు వేసుకోండి. టార్చి, ఫోన్ వెలుతురు పనికిరావు, వెలుతురు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లవచ్చు.

ఇసుక మీద ట్రాక్టరు చక్రం జాడలాంటి గుర్తు కనబడితే ఆగండి, అది ఆలివ్ రిడ్లీ తాబేలు ఎక్కిన దారి. అదృష్టం బాగుంటే తాబేలే కనబడుతుంది. వెనక కాళ్లను చేటలా మడిచి ఇసుక తోడి, ఆ గుంటలో పింగ్‌పాంగ్ బంతుల్లాంటి తెల్లని గుడ్లు వందకు అటూఇటూగా పెట్టి, పైన ఇసుక కప్పి, తన ఒంటి బరువుతో దభీ దభీమని అదిమి, వెనక్కి చూడకుండా నీటిలోకి వెళ్లిపోతుంది. అంతసేపూ మీరు వెనకవైపున, దూరంగా, మాట లేకుండా కూర్చోవాలి. చాలా రాత్రులు ఒక్కటీ కనబడదు, ఆ సంగతి చుట్టాలకు ముందే చెప్పండి.

గుడ్లు దొరికితే కార్యకర్తలు వాటిని తీసుకెళ్లి, కుక్కలు తవ్వకుండా కంచె వేసిన చోట మళ్లీ పూడుస్తారు. అవి 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఆ తేదీని ఇంటి క్యాలెండరులో రాసుకుని, తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే సాయంత్రం ఎప్పుడో కార్యకర్తలను అడిగి తెలుసుకుని బెసంట్ నగర్ వెళ్లండి. రాత్రి నడకకు రాలేకపోయిన పెద్దవాళ్లను, చిన్నపిల్లలను ఈసారి వెంటబెట్టుకుని వెళ్లవచ్చు.