పాత లాంచీ ఇంజిన్ నుంచి ఆయిల్ కారుతోందా? మనమే సరిచేసుకోవడం ఎలా?

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు చెన్నై కాశిమేడు హార్బర్లో లాంచీలు కదలవు. వలలు బాగుచేసుకోవడం, చెక్కకు రంగు వేయడం, ఇంజిన్ విప్పడం అన్నీ అప్పుడే. రాయపురంలో తెలుగు మాట్లాడే మా ఇళ్లలో ఆ రోజుల్లో తరచూ వినిపించే మాట, "ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది." తాగడం వేరు, కారడం వేరు. తాగితే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. కారితే ఇంజిన్ కింద నల్లటి మడుగు కడుతుంది. కారడమే అయితే చాలావరకు మన చేతులతోనే ఆపుకోవచ్చు, ఇంజిన్ మొత్తం విప్పించాల్సిన పని లేదు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపేయండి. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. ఇంజిన్ గదిలో పెట్రోల్‌తో కడగకండి. గాలి ఆడని చోట దాని ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. ఇంజిన్ నడిపి చూసేటప్పుడు లుంగీ, భుజం మీద తువ్వాలు వద్దు.

1. ముందు ఇంజిన్ ఊపిరి చూడండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గాలి ఎప్పుడూ కిందికి, ఇంజిన్ అడుగునున్న క్రాంక్ గదిలోకి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికే బ్రీదర్ గొట్టం ఉంది. ఆ గొట్టం జిడ్డుతో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఒకసారి మా లాంచీలో ముందువైపు ఆయిల్ సీలు (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రింగు) రెండుసార్లు మార్చినా కారడం ఆగలేదు. మా మామయ్య వచ్చి చూసి, "అబ్బాయ్, ముందు దాన్ని ఊపిరి పీల్చుకోనీ, సీలు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. గొట్టం విప్పి డీజిల్‌లో నానబెట్టి, లోపలి జాలీ కడిగి బిగించాం. మూడో సీలు కొనాల్సిన పని రాలేదు.

బ్రీదర్ శుభ్రం చేశాక ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఆయిల్ పోసే మూత మెల్లగా వదులు చేసి చూడండి. కొద్దిగా ఆవిరి వస్తే పరవాలేదు. బుసబుసమని పొగ ఆగకుండా తంతుంటే రింగులు, లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) అరిగిపోయాయని అర్థం. అప్పుడు ప్యాకింగులు (రెండు భాగాల మధ్య కారకుండా పెట్టే పొరలు) ఎన్ని మార్చినా డబ్బు దండగే.

2. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి

కారే ఇంజిన్లో ఆయిల్ మట్టం తగ్గాలి. తగ్గకపోగా పెరుగుతుంటే ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందన్నమాట. డీజిల్ అందించే ఫీడ్ పంపులోని డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగితే ఇలా అవుతుంది. పలచబడిన ఆయిల్ ప్రతి సందులోంచీ కారుతుంది, బేరింగులనూ తినేస్తుంది. వాసన చూస్తే తెలుస్తుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరాయి. ఆ ఇంజిన్ స్టార్ట్ చేయకండి.

3. కారే చోటు పట్టుకోండి

ఆయిల్ కనబడే చోటు, కారే చోటు ఒకటి కాదు. లాంచీలో ఇంజిన్ ప్రొపెల్లర్ వైపు కాస్త వాలి ఉంటుంది. పైన టాపెట్ కవర్ (ఇంజిన్ హెడ్ మీది మూత) దగ్గర ఊరిన ఆయిల్ ఇంజిన్ దిమ్మ మీదుగా జారి, వెనకనున్న బరువైన చక్రం ఫ్లైవీల్ వైపు చేరుతుంది. చూసినవాళ్లు వెనక సీలు పోయిందనుకుంటారు. ఆ సీలు కోసం గేర్‌బాక్స్ దించాలి. ఖర్చు ఎక్కడికో పోతుంది.

ఇంజిన్ అంతా డీగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రవం) కడిగి కాటన్ వేస్ట్‌తో పొడిగా తుడవండి. అనుమానం ఉన్న చోట్ల మొహానికి రాసుకునే పౌడర్ పలచగా చల్లండి. పదిహేను, ఇరవై నిమిషాలు నడిపి, ఆపి, టార్చి వేసి చూడండి. తడిసిన పౌడర్ మీద గీత కనబడుతుంది. ఆ గీత వెంట పైకి వెళ్లండి. అన్నిటికంటే పైనున్న తడి చోటే అసలు చోటు.

4. ఇక పని

టాపెట్ కవర్‌తో మొదలుపెట్టండి. కార్క్ ప్యాకింగ్ ఏళ్ల వేడికి ఎండి అప్పడంలా విరుగుతుంది. పాతదాన్ని చెక్క ముక్కతో గీకండి. ఉలి పెడితే గీతలు పడి, కొత్త ప్యాకింగ్ కూడా కారుతుంది. రేకు కవరైతే బోల్టు రంధ్రాల చుట్టూ చూడండి. ఎవరో గట్టిగా బిగించి లోపలికి నొక్కేసి ఉంటారు. అంచు కింద చెక్క దిమ్మ పెట్టి సుత్తితో మెల్లగా సమం చేయండి. ప్యాకింగ్‌ను కవర్‌కే అతికించి, హెడ్ వైపు కాస్త ఆయిల్ రాస్తే మళ్లీ విప్పేటప్పుడు చిరగదు. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, కొద్దికొద్దిగా బిగించండి. బలం చూపించే పని కాదిది.

సిలికాన్ పేస్ట్ మీద నాకు కోపం ఉంది. కారిన ప్రతిచోటా దాన్ని పులిమేస్తారు. లోపలికి పొంగిన పేస్ట్ ఊడి ఆయిల్ చాంబర్లో పడి, పంపు జాలీకి అడ్డం పడితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. వాడాల్సి వస్తే తుడిచిన పొడి అంచు మీద సన్నటి గీతలా పెట్టండి, అంతే.

ఆయిల్ పైపు బోల్టుల దగ్గర కారితే రాగి వాషర్లు చూడండి. వాడేకొద్దీ రాగి గట్టిపడుతుంది. కంసాలి చేసినట్టే ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. నలుపు తుడిచి బిగించండి. గాటు పడ్డవైతే కొత్తవి కొనండి. పుదుపేట స్పేర్ల కొట్లకు వెళ్లేటప్పుడు పాత వాషర్, పాత సీలు చేత పట్టుకెళ్తే కొలత తప్పదు.

ఫిల్టర్ దగ్గర కారితే పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో చూడండి. దానిమీద కొత్తది ఎక్కిస్తే రెండూ ఆగవు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ లోపలి నుంచి వైరు వెంట కూడా కారుతుంది. మార్చడం పది నిమిషాల పని. ముందు పుల్లీ సీలు మార్చేటప్పుడు పుల్లీ మెడ మీద గోరు ఆనించి చూడండి. గాడి తగిలితే కొత్త సీలు నిలవదు. గాడి మీద స్లీవ్ (పలచటి తొడుగు) వేయించండి, లేదా సీలును రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి కూర్చోబెట్టండి. వెనక సీలు మాత్రం మెకానిక్‌కే వదిలేయండి.

ఆయిల్‌ను నీళ్లతో చల్లార్చే కూలర్ నుంచి వచ్చే నీళ్ల మీద రంగురంగుల పొర తేలితే ఆ కూలర్ లోపలి గొట్టం చిల్లు పడినట్టే. ప్రెషర్ టెస్ట్ చేయించకుండా సముద్రంలోకి వెళ్లకండి.

5. చివరగా

గంటసేపు నడిపి, చల్లారాక కార్క్ ప్యాకింగ్ బోల్టులు మరోసారి చూడండి. కార్క్ కొంత అణుగుతుంది. పడవ అడుగున చేరిన ఆయిల్‌ను పంపుతో నీళ్లలోకి తోడకండి. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని ఆయిల్ సముద్రంలో కలిసినప్పుడు మనవాళ్లు రోజుల తరబడి బకెట్లతో ఆ జిడ్డు ఎత్తారు. ముందు కాటన్ వేస్ట్‌తో అద్ది డబ్బాలో వేసి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి. అడుగు పొడిగా ఉంటే రేపు కొత్త చుక్క ఎక్కడ పడిందో కూడా వెంటనే కనబడుతుంది.